తోటకెళ్లి కొనాలంటే ముందు ఊరు కాదు, పంట అడగండి

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. సూపర్ మార్కెట్ పండ్లు, కూరగాయలతో విసుగొచ్చింది. ఆదివారాలు ఏదైనా తోటకెళ్లి తాజాగా కొనుక్కుంటే పిల్లలు కూడా కాసేపు మట్టిలో తిరుగుతారని మా ఆలోచన. ఎక్కడికి వెళ్లాలి? నిజంగా చవక పడుతుందా? ఆర్గానిక్ అని చెబితే నమ్మొచ్చా? పిల్లల్ని తీసుకెళ్లడం సేఫేనా? పైగా మా అత్తయ్యగారు ఈసారి ఆవకాయకు కాయలు తోటలోనే కొందామంటున్నారు.

జవాబు:

అమ్మా, నేను ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఉద్యోగమంతా రంగారెడ్డి, మేడ్చల్ వైపు తోటల చుట్టూ తిరగడంతోనే గడిచింది. ఇప్పటికీ సీజన్ వస్తే ఇంట్లో కాలు నిలవదు. అడిగినవన్నీ మంచి ప్రశ్నలే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీరు ముందు ఊరు అడిగారు. అందరూ అదే అడుగుతారు. ఊరి పేరు చెబితే ఆదివారం పదకొండింటికి కారేసుకుని వెళ్తారు. అప్పటికి కోత అయిపోయి ఉంటుంది, రైతు సరుకు తీసుకుని మార్కెట్‌కు పోయి ఉంటాడు, పిల్లలు ఎండకు చికాకు పడతారు. చివరికి దారిలో ఏ ధాబాలోనో తినేసి తిరిగొస్తారు. ఎప్పుడెళ్లినా దేవుడు ఉండటానికి తోట గుడి కాదు కదా. ఈ వారం ఏ పంట కోతకొచ్చింది, దాన్ని ఏ పూట కోస్తారు అన్న రెండు సంగతులు తెలుసుకుంటే ఎటు వెళ్లాలో దానంతటదే తేలిపోతుంది.

పండ్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. కొన్ని పండ్లు కోసిన క్షణానికి ఎంత తీపి ఉంటే అంతే. ద్రాక్ష, స్ట్రాబెర్రీ, దానిమ్మ, బత్తాయి ఈ జాతివి. ఇంటికి తెచ్చి వారం పెట్టుకున్నా వడలిపోతాయి తప్ప తీపెక్కవు. మామిడి, సీతాఫలం, సపోటా, అరటి, బొప్పాయి, టమాటా అలా కాదు, ముదిరిన కాయ కోస్తే చాలు, ఇంట్లో పండుతాయి. మొదటి రకాన్ని దూరం పంపాలంటే ఒక్కోసారి తీపి పూర్తిగా దిగకముందే కోసేస్తారు, ఆ లోటు తర్వాత పూడదు. కాబట్టి పెట్రోలు పోసుకుని చెట్టు దగ్గరికి వెళ్లి తినాల్సినవి అవే. రెండో రకానికి వెళ్లేది వేరే కారణంతో, అది తర్వాత చెబుతాను.

మీకైతే మొదట ద్రాక్ష తోటే చెబుతాను. మియాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మేడ్చల్, షామీర్‌పేట, కీసర అన్నీ అందుబాటులో ఉంటాయి. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కలంతా ద్రాక్షే. అనాబ్ షాహి అనే రకం ఈ నగరానికి నిజాం కాలంలో వచ్చి ఇక్కడిదే అయిపోయింది. కోలగా, పెద్దగా, లేత ఆకుపచ్చ రంగులో, గింజతో ఉండే కాయ. తోలు పల్చన, లోపలంతా రసం. ఆ పల్చటి తోలే దానికి చేటు చేసింది, దూరప్రయాణం తట్టుకోదు. గింజ లేని థాంసన్ వచ్చాక జనం అటు మళ్లారు. దానికి తోడు భూముల ధరలు పెరిగాయి, కూలీలు దొరకడం కష్టమైంది, కోతకు ముందు పడే వడగళ్లు ఉండనే ఉన్నాయి. పందిళ్లు పీకేసి ప్లాట్లు చేసినవాళ్లే ఎక్కువ. మిగిలిన తోటల్లో కొన్ని ఇప్పుడు నేరుగా జనానికే అమ్ముకుంటున్నాయి: మీరే లోపలికెళ్లి కోసుకోవచ్చు, తూకం వేసి డబ్బు తీసుకుంటారు. ఎక్కడైనా అనాబ్ షాహి గానీ దాని కోవలోదే అయిన దిల్‌ఖుష్ గానీ కనిపిస్తే గింజ ఉందని వదిలేయకండి, అది తోట దగ్గర తప్ప బాగుండని పండు.

మన దగ్గర ద్రాక్షకు ఏడాదిలో రెండు కత్తిరింపులు, ఒకే పంట. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మలు వెనక్కి కత్తిరిస్తారు, అక్టోబర్‌లో మళ్లీ కత్తిరిస్తే ఆ చిగుళ్లకు గెలలు వస్తాయి. అక్కడి నుంచి నాలుగు నెలలకు కాస్త అటూఇటూగా కోత. అంటే జనవరి చివర నుంచి మొదలై, ఫిబ్రవరి, మార్చిలో ఉధృతంగా ఉండి, ఏప్రిల్‌లో మూత పడుతుంది. జనవరి మొదట్లోనే ‘తోట ఓపెన్’ అని బోర్డు కనిపిస్తే ఒక కాయ నోట్లో వేసుకుని చూశాకే కత్తెర అడగండి.

గెల ఎలా ఎంచుకోవాలో పిల్లలకు నేర్పితే వాళ్లకు అదే ఆట. ద్రాక్ష గెల పైనుంచి కిందికి పండుతుంది. భుజాల దగ్గరి కాయలు ముందు తీపెక్కుతాయి, కొస కాయలు చివర్న. రుచి చూడాలంటే పైన కాదు, గెల కొసన ఉన్న ఒక్క కాయ తుంచి తినండి. అది తీయగా ఉంటే గెలంతా తీపే. పై కాయ తిని ‘అబ్బ, తేనెలా ఉంది’ అని కోసేసి, ఇంటికెళ్లాక కింది సగం పులుపని మొహం చిట్లించేవాళ్లు చాలామంది. రంగు కూడా చూడండి. గింజలేని తెల్ల ద్రాక్ష గడ్డిపచ్చగా ఉంటే ఇంకా కాలేదు, పసుపు ఛాయ తిరిగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల కాస్త అద్దంలా కనిపించాలి. నల్ల ద్రాక్షకు రంగు ముందే వచ్చేస్తుంది, తీపి తర్వాత దిగుతుంది. నలుపు చూసి మోసపోవద్దు.

కాయల మీద తెల్లటి పొడి చూసి చాలామంది మందు అనుకుని హడలిపోతారు. సన్నగా, కాయంతా సమానంగా, వేలితో రుద్దితే మెరుపు తేలేలా ఉంటే అది కాయ తనంతట తాను పెట్టుకున్న మైనపు పూత. చేయి పడని తాజా కాయకే అది నిండుగా ఉంటుంది. మందు మరక అలా ఉండదు. చుక్కలు చుక్కలుగా, నీటిబొట్టు జారి ఆగిన చోట, అంటే కాయ అడుగున, కాస్త నీలంగా గానీ తెల్లగా గానీ గట్టిగా పట్టుకుని ఉంటుంది. అలాంటి గెల వదిలేయండి.

గెలను లాగకూడదు, కత్తెరతో కాడ దగ్గర కత్తిరించాలి, కాడ పట్టుకునే బుట్టలో పెట్టాలి. కాయల్ని చేత్తో నొక్కి చూడొద్దు. పందిరి పెద్దవాళ్ల తలకు తగిలేంత ఎత్తులో ఉంటుంది, కాబట్టి మీ చిన్నవాణ్ని ఎత్తుకోక తప్పదు. తోటవాళ్లు తింటే ఏమీ అనరు, కానీ నాలుగు కాయలు తుంచి గెలను పాడుచేసి వదిలేస్తే దాన్ని ఇక ఎవరూ కొనరు. రైతు మొహమాటానికి నవ్వుతాడు గానీ లోపల ఏడుస్తాడు. రుచి చూడ్డానికి ఒక గెల కోసి అదే అందరూ తినండి. ఇంటికి తెచ్చాక వెంటనే కడగొద్దు. తడి లేకుండా ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు తినేవాటినే కడుక్కుంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి. వాన పడిన మర్నాడు మాత్రం ద్రాక్ష తోటకు వెళ్లకండి, కాయలు పగిలి ఉంటాయి, నిలవవు.

రాజేంద్రనగర్‌లో ఉద్యాన విశ్వవిద్యాలయం వాళ్ల ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. సీజన్‌లో జనాన్ని లోపలికి రానిచ్చి రకరకాల ద్రాక్ష చూపించి అమ్మిన ఏళ్లున్నాయి. ఫిబ్రవరిలో జిల్లా ఎడిషన్ పేపర్ మీద ఒక కన్నేసి ఉంచండి. ఒకే చోట అన్ని రకాలు చూసే అవకాశం మామూలు తోటలో దొరకదు.

స్ట్రాబెర్రీ గురించి కూడా ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. దానికి చలి కావాలి. మన రాష్ట్రాల్లో పేరున్నది లంబసింగి, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో. డిసెంబర్ నుంచి మార్చి దాకా. అది విశాఖ వెళ్లినప్పుడు నర్సీపట్నం మీదుగా పెట్టుకోవాల్సిన ప్రయాణం, ఆదివారం పూట తెమిలేది కాదు. బత్తాయికి నల్లగొండ ఉండనే ఉంది.

ఇక కోశాక పండేవి. వీటికి తోటకెళ్లాల్సిన కారణం నమ్మకం. మామిడిని కార్బైడ్‌తో మాగబెట్టడాన్ని ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధించారు. ఇథిలీన్ గ్యాస్ గదుల్లో 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో వంద వంతులు) దాకా వాడి మాగబెట్టడం మాత్రం చట్టబద్ధమే, దానికి భయపడక్కర్లేదు. కానీ బజార్లో ఏది ఎలా మాగిందో మీకెవరు చెప్తారు? తోటలో ముదిరిన కాయ కొని ఇంట్లో వరిగడ్డిలో మీరే మాగబెట్టుకుంటే ఆ టెన్షనే ఉండదు. బంగినపల్లి ముదిరిందో లేదో చూడాలంటే తొడిమ దగ్గర చూడండి. లేత కాయకు తొడిమ పైకి ఉంటుంది, భుజాలు జారి ఉంటాయి. ముదిరితే భుజాలు తొడిమ కంటే పైకి లేచి, తొడిమ గుంటలో పడినట్టుంటుంది. అనుమానమొస్తే బకెట్ నీళ్లలో వేయండి, ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. చిక్కంతో కోసి, తొడిమ కొంచెం ఉంచి దించిన కాయే తీసుకోండి. తొడిమ ఊడితే సొన కారి, అది పడిన చోటల్లా తోలు నల్లబడుతుంది, కుళ్లు కూడా అక్కడి నుంచే మొదలు. నేల మీద పడ్డ కాయ పైకి బాగానే కనిపిస్తుంది, మాగేసరికి లోపల నల్లగా ఉంటుంది.

సీతాఫలం సంగతి ఇంకా సులువు. దసరా, దీపావళి మధ్య మహబూబ్‌నగర్ దారి పట్టండి. బాలానగర్ రకం అని దేశమంతా చెప్పుకునేది ఆ దారిలోని బాలానగర్ ఊరి పేరు మీదే. కాయ కళ్లు విచ్చుకుని, కళ్ల మధ్య గాడి తెల్లగా, పసుపు కలిసిన తెలుపులో కనిపిస్తే కోతకొచ్చినట్టు. రెండు మూడు రోజుల్లో పండుతుంది. అంతకన్నా లేతది తెస్తే నల్లగా ముడుచుకుపోతుంది, పండదు. ఒకేరోజు పండే కాయలన్నీ కొనకండి, కళ్లు విచ్చుకున్నవి కొన్ని, ఇప్పుడిప్పుడే విచ్చుకుంటున్నవి కొన్ని కలిపి తీసుకోండి.

కూరగాయలకు మీకు దగ్గర శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల. అక్కడ టైమ్ ముఖ్యం. బెండ రోజు విడిచి రోజు కోస్తారు. కోత రోజు వెళ్తే లేత కాయ బుట్టల కొద్దీ ఉంటుంది. మర్నాడు వెళ్తే వేలెడంత కాయలు, వదిలేసిన ముదురు కాయలు తప్ప ఏమీ ఉండవు. చాలామంది రైతులు మధ్యాహ్నం తర్వాత కోసి, రాత్రి ఆటో ఎక్కించి, తెల్లారేసరికి బోయిన్‌పల్లి మార్కెట్‌కో గుడిమల్కాపూర్ మార్కెట్‌కో పంపుతారు. అందుకే మీరు సాయంత్రం మూడు, నాలుగు మధ్య వెళ్తే కోత కళ్లముందే జరుగుతుంటుంది, ఆటో ఎక్కకముందే మీకు కావాల్సింది ఇచ్చేస్తారు. ఆకుకూరలకైతే తెల్లవారుజామే. పొద్దెక్కాక కోసిన పాలకూర ఇల్లు చేరేసరికి చచ్చిపోతుంది.

ఆకుకూర కొనేముందు ఆకును కాదు, నీటిని చూడండి. ఇది నేను ఎవరికైనా గట్టిగా చెప్పే మాట. మూసీ నగరం దాటి కిందికి వెళ్లాక పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు దశాబ్దాలుగా మురుగునీటి సాగు ఉంది. పశువుల గడ్డి ఎక్కువ, ఆకుకూరలూ ఉన్నాయి. ఆ నీళ్లలో ఎరువు కలిసే ఉంటుంది కాబట్టి ఆకు నిగనిగలాడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. రైతు తప్పేం లేదు, ఆయనకు దక్కిన నీళ్లు అవి. కానీ పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా అలాంటి చోట కొనకండి. ఏ తోటకెళ్లినా ‘నీళ్లు ఎక్కణ్నుంచి?’ అని ముందు అడగండి. బోరు చూపిస్తే సరే, కాలువ చూపిస్తే కాలువ ఎక్కణ్నుంచి వస్తోందో చూడండి.

రోడ్డు పక్క గుడారాల సంగతి కూడా చెప్పాలి. ‘తోట ద్రాక్ష’, ‘తోట జామ’ అని బోర్డు పెట్టుకున్న ప్రతివాడికీ తోట ఉండదు. కొందరు మార్కెట్లో బాక్సులు కొనుక్కొచ్చి తోట పక్కన కూర్చుని అమ్ముతారు. తప్పని అనను, బతుకుతెరువు. కానీ మీరు తోట ధర ఇచ్చి మార్కెట్ సరుకు తెచ్చుకున్నట్టు అవుతుంది. వెనకాల కాగితం ముక్కలున్న అట్టపెట్టెలు, నురుగు వలలు కనిపిస్తే అర్థం చేసుకోండి. ‘తోట చూడొచ్చా?’ అంటే నిజమైన రైతు గబుక్కున లేచి నడుస్తాడు. సరైన తోట దొరకాలంటే మీ దగ్గర్లోని రైతు బజార్‌కు వెళ్లి, గుర్తింపు కార్డుతో కూర్చున్న రైతుతో నాలుగు ఆదివారాలు కొనండి, మీ ఊరేది, ఏమేం వేశారు అని మాట కలపండి. ఐదో ఆదివారానికి ‘మా చేనుకు రండమ్మా’ అని వాళ్లే పిలుస్తారు. ఏ యాప్‌లో వెతికినా అంత మంచి అడ్రస్ దొరకదు.

చవకా అని అడిగారు. పెట్రోలు కలిపి చూస్తే కిలో రెండు కిలోలకు చవక కాదు, నిక్కచ్చిగా చెబుతున్నా. రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. వాటి ఆలోచన ఏంటంటే, హోల్‌సేల్ ధర కంటే కొంచెం ఎక్కువ రైతుకు రావాలి, బయట అంగడి కంటే కొంచెం తక్కువకు జనానికి దొరకాలి. తోట దగ్గర బేరానికి కూడా అదే న్యాయమైన కొలమానం. బయల్దేరేముందు రైతు బజార్ బోర్డు మీది ధర చూసుకోండి, దానికి కాస్త అటూఇటూగా ఇవ్వండి. మార్కెట్‌కు పంపితే రైతుకు ఆటో కిరాయి, హమాలీ, కమీషన్, తరుగు అన్నీ పోతాయి. ఆ పోయేదాంట్లో కొంత మీకు, కొంత ఆయనకు మిగిలితే ఇద్దరికీ లాభమే. హోల్‌సేల్ ధరకే ఇవ్వమని గీచి గీచి బేరమాడటం మాత్రం బాగోదు. రెండు కిలోల కోసం పని ఆపి మీ వెంట తిరిగినవాడికి ఆ టైమ్‌కూ విలువుంటుంది. నిజంగా కలిసి రావాలంటే అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లవాళ్లు కలిసి ఒక క్రేట్ టమాటా, ఒక బస్తా ఉల్లిగడ్డ తెచ్చి పంచుకోండి. ధర కోయకముందే అడగండి. క్రేట్‌తో తూస్తే ఖాళీ క్రేట్ బరువు తీయించండి, ఇందులో మొహమాటం వద్దు.

ఆర్గానిక్ గురించి. ‘మందులు కొట్టరుగా?’ అని అడిగితే అందరూ ‘అబ్బే, లేదండీ’ అనే అంటారు. ఆ ప్రశ్నే తప్పు. ‘చివరగా ఏం కొట్టారు, ఎన్ని రోజులైంది?’ అని అడగండి. నిజం చెప్పేవాడు మందు పేరో కషాయం పేరో, రోజో టక్కున చెప్పేస్తాడు. పురుగుమందు డబ్బా మీదో దాంతో వచ్చే కాగితంలోనో కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలో రాసి ఉంటుంది, ఆ గడువు పాటించే రైతు ఆర్గానిక్ కాకపోయినా నాకు నచ్చుతాడు. వంకాయ, బెండ, కాలీఫ్లవర్, మిర్చి, కరివేపాకు, ద్రాక్ష, వీటికి మందు కొట్టకుండా గట్టెక్కడం నిజంగా కష్టం. అవి మచ్చ లేకుండా నిగనిగలాడుతూ ‘ప్యూర్ ఆర్గానిక్’ అంటే నేను నవ్వి ఊరుకుంటాను. గుమ్మడి, కంద, చామగడ్డ, మునగ, చిలగడదుంపలకు మామూలుగానే మందుల వాడకం తక్కువ, వాటికి ఆర్గానిక్ అని రెట్టింపు ధర పెట్టాల్సిన పని లేదు.

సర్టిఫికెట్ అడగాలా అంటే, ఇది తెలుసుకోండి. ప్యాకెట్ మీద ‘జైవిక్ భారత్’ గుర్తు ఉంటే అది ఆహార భద్రత సంస్థ నిబంధనల కింద సర్టిఫికెట్ ఉన్న సరుకు. ఏడాదికి 12 లక్షల రూపాయలలోపు అమ్మకాలుండి, నేరుగా జనానికి అమ్ముకునే చిన్న రైతుకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కాకపోతే ఆయన ఆ గుర్తు వాడకూడదు. కాబట్టి చిన్న రైతు దగ్గర కాగితం లేకపోతే మోసమని అనుకోవద్దు. కాగితం లేకుండా గుర్తు వేసుకుంటేనే అనుమానించండి. రైతులే గ్రూపుగా ఒకరి పొలం ఒకరు చూసుకుని ధ్రువీకరించే పీజీఎస్ పద్ధతి కూడా ఉంది. అందులో ‘గ్రీన్’ అంటే ఇంకా మారే దశలో ఉన్నట్టు, ‘ఆర్గానిక్’ అంటే ఆ దశ దాటినట్టు.

కాగితం కంటే కళ్లు నయం. ప్రకృతి సాగు చేసే పొలంలో నీడపట్టున ఒక డ్రమ్ము ఉంటుంది, మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంటుంది. అదే జీవామృతం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి వేసి, కర్రతో పొద్దునా సాయంత్రం తిప్పుతారు. రెండు రోజులకు బుడగలొస్తాయి. మీ తొమ్మిదేళ్లవాడికి కర్ర ఇచ్చి తిప్పమనండి, ముక్కు మూసుకుంటూనే తిప్పుతాడు, ఇంటికొచ్చాక నెల రోజులు అదే చెప్పుకుంటాడు. పొలంలో ఒకే పంట కాకుండా గట్ల మీద బంతి, మధ్యలో ఆముదం, జొన్న కనిపించడం, ఆకుల మీద అక్కడక్కడ పురుగు తిన్న చిల్లులుండటం కూడా మంచి గుర్తులే.

పిల్లలకు ఏం చూపించాలి అంటే, వాళ్ల చేతికి పని ఇవ్వండి, చూపించడం అక్కర్లేదు. పల్లి చెట్టు పీకితే వేర్ల కింద కాయలు గుత్తులుగా వేలాడటం చూసిన పిల్లాడి మొహం చూడాలి మీరు. పీకిన కాయలు ఉప్పేసి అక్కడే ఉడకబెట్టమని అడిగితే ఎవరూ కాదనరు. సంక్రాంతి ముందు కందికాయ, అనపకాయ ఉడకబెట్టుకోవచ్చు. శనగ చేను ఉంటే మొక్కలతో సహా మంటమీద వేసి కాల్చుకుని, మసి చేతులతో ఒలుచుకు తినడం ఇంకా బాగుంటుంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు చామంతి తోటలున్నాయి, దసరా నుంచి పూలు కోస్తుంటారు. పొద్దున్నే వెళ్తే మీరూ ఒక బుట్ట కోయవచ్చు.

పాలు పితికే చోట ‘గుమ్మపాలు తాగండి బాబూ’ అని ప్రేమగా ఇస్తారు. మన చిన్నప్పుడు తాగాం నిజమే, కానీ పచ్చిపాల నుంచి వచ్చే జబ్బులున్నాయి, బ్రుసెల్లోసిస్ లాంటివి. కాచి ఇమ్మనండి, ఏమీ అనుకోరు.

సేఫ్టీ దగ్గర మాత్రం నేను కఠినంగా ఉంటాను. వ్యవసాయ బావులకు చాలాచోట్ల గట్టు ఉండదు, అంచున గడ్డి పెరిగి బావి ఉన్నట్టే తెలియదు. పిల్లల్ని దింపకముందే రైతును ‘బావి ఎక్కడ?’ అని అడిగి, అటు వెళ్లొద్దని గీత గీయండి. అడవి పందుల కోసం కొందరు గట్ల చుట్టూ కరెంటు తీగ కడతారు. అది నేరం, మనుషులు కూడా చనిపోయారు. మోటారు స్టార్టర్ పెట్టె ముట్టుకోనివ్వద్దు. ట్రాక్టర్ ఎక్కాలని పిల్లలు మారాం చేస్తారు. ఆగి ఉన్న ట్రాక్టర్ సీట్లో కూర్చోబెట్టి ఫొటో తీయండి. కదిలే ట్రాక్టర్ చక్రం పైరేకు మీద కూర్చోబెట్టడం వద్దే వద్దు, ఆయన ఎంత మంచివాడైనా సరే. బూట్లు వేయండి. డ్రిప్ పైపుల మీద పరిగెత్తనివ్వకండి. పైపు చీలితే రైతు సాయంత్రమంతా దాంతోనే సరిపోతుంది. మందు కొట్టిన రోజు అసలు తోటలోకి వెళ్లొద్దు.

ఈమధ్య ‘ఫామ్ ఎక్స్‌పీరియన్స్’ అని టికెట్ పెట్టి, స్విమ్మింగ్ పూల్, రెయిన్ డ్యాన్స్, చివర్న రెండు మేకలు, ఒక ఎడ్లబండి చూపించే చోట్లు చాలా వచ్చాయి. సరదాగా వెళ్లండి, కాదనను. కానీ అక్కడ అమ్మే వంకాయ ఎక్కడ పండిందో అడిగి చూడండి, జవాబు తమాషాగా ఉంటుంది.

చివరిగా మీ అత్తయ్యగారి ఆవకాయ. ఆవిడ ఆలోచన చాలా సరైనది. ఏప్రిల్ చివర నుంచి మే అంతా సమయం. మొదటి వాన పడకముందే కోయించుకోండి. కాయ పుల్లగా, గట్టిగా, పీచుతో ఉండాలి, లోపల టెంక ముదిరి ఉండాలి. కోసి చూడమనండి: కండ తెల్లగా ఉండాలి, పసుపు తిరిగితే పండబోతున్నట్టు, ముక్క మెత్తబడుతుంది. టెంక కత్తికి సులువుగా తెగితే లేత, ముక్కకు పెంకు నిలవదు. గాలివానకు రాలిన కాయలు చవగ్గా ఇస్తామంటారు, అవి తొక్కుకో ఒరుగులకో తీసుకోండి గానీ ఏడాది నిలవ ఉండాల్సిన ఆవకాయకు వద్దు, దెబ్బ తగిలిన చోట ముక్క కుళ్లుతుంది. కొత్తపల్లి కొబ్బరి, జలాలు, తెల్లగులాబి మనవాళ్లు మెచ్చే రకాలు. మీ వైపు తోటల్లో ఎక్కువగా బంగినపల్లే ఉంటుంది. అదే తీసుకుంటే ముదిరింది, బాగా పుల్లగా ఉన్నది ఎంచుకోండి. కాకపోతే నాటు కాయ చెట్టు ఒకటో రెండో ప్రతి తోటలో ఉంటుంది, రైతు ఇంట్లో ఆవకాయ దేంతో పెడతారో అడిగి అదే చెట్టు కాయ ఇమ్మనండి.

కోసిన కాయల్ని సొన పోయేదాకా అక్కడే తొట్టి నీళ్లలో కాసేపు వేసి, తీసి గుడ్డతో తుడిచి, గాలి తగిలే గంపలో తెచ్చుకోండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పెడితే ఇంటికొచ్చేసరికి కమిలి సగం మెత్తబడతాయి. తోటలోనే కొట్టిస్తామంటే ఒప్పుకోకండి, ముక్కలు దారిలో నీరు వదులుతాయి. మర్నాడు ఉదయం రైతు బజార్‌లో కత్తిపీట వేసుకుని కూర్చునేవాళ్ల దగ్గర కొట్టించండి, లేదా ఇంటికి పిలిపించుకోండి. ప్రతి ముక్కకు పెంకు ఉండేలా కొట్టమనండి. జీడి, దాని మీది పల్చటి పొర అత్తయ్యగారినే తీయనివ్వండి, ఆ పనికి ఆవిడ కంటే మీకు ఎక్కువ తెలుస్తుందని నేననుకోను.